గుట్ట దిక్కు గది

కరీంనగర్‌లో బైపాస్ దాటినంక, గుట్టల దిక్కు మొఖం పెట్టి కట్టిన హోటల్ ఒకటి ఉన్నది. పెద్దదేం గాదు, మరీ చిన్నదీ గాదు. నడిమి రకం. శుభ్రంగ ఉంటది, లొల్లి ఉండదు. పైఅంతస్తులో చివరి గదికి మాత్రం మంచి పేరు లేదు.

ఆ గదిలో పండుకున్నోళ్లు తెల్లారేదాకా ఉండరని అంటరు. నడిరాత్రి సామాను పట్టుకొని కిందికి దిగుతరు. కౌంటర్ కాడి కుర్చీలల్ల కూసుండి తెల్లారగొడ్తరు. ఎందుకు దిగిండ్రంటే సక్కగ చెప్పరు.

"పైన ఎవలో నడుస్తున్నరు" అంటడొకడు.

"నడుసుడు గాదు... కొడుతున్నరు" అంటది ఇంకొకామె.

ఆ గది మీద ఇంకో గది లేదు. ఉత్త స్లాబు. దాని మీద ఆకాశం.

నర్మదకు ఇదేమీ తెలవదు. ఆమెది గోదావరి ఒడ్డు బొగ్గుబాయిల కాలనీ. మోకాలు నొప్పికని కొడుకు సంపత్ ఆమెను కరీంనగర్ దవాఖానకు తీసుకొచ్చిండు. మోకాలికి ఎక్స్‌రే తీసిండ్రు. రిపోర్టు రేపు పొద్దున ఇస్తమన్నరు.

"ఇంటికి పోయి మళ్ల వచ్చుడెందుకే అవ్వా, రాత్రికి హోటల్ల ఉందాం" అన్నడు సంపత్, ఫోన్‌లో వేలు ఆడిస్తూ. "గిదిగో, గుట్ట కనబడే రూము. మిగిలిన వాటికన్న దీనికే రేటు తక్కువున్నది."

"నాకెందుకురా గుట్టలు?"

"సోమవారం నుంచి నేను బొగ్గుబాయిల ఉంట. గీ ఒక్కరోజన్న నీకు గుట్టలు చూపెట్టనీ."

సోమవారం. నర్మద కొంగు చివర వేలికి చుట్టుకున్నది. 

ఆమె భర్త రాజేశం బతుకంతా భూమి కిందనే గడిపిండు. ఊపిరితిత్తులు పాడైనయి. ఇగ పనికిరాడని డాక్టర్లు రాసిచ్చిండ్రు. ఆయన ఉద్యోగం కొడుక్కు వచ్చింది, సోమవారమే మొదటి డ్యూటీ. కాలనీలో స్వీట్లు పంచిండ్రు. అదృష్టమన్నరు అందరు. నర్మద గూడ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నది. మింగనీకి నీళ్లు తాగవలసి వచ్చింది.

ఒక్కడే కొడుకు. వద్దురా అని ఒక్కసారన్న అనాలనుకున్నది. భర్త మొఖంల సంతోషం చూసి నోరు మూసుకున్నది.

హోటల్ కౌంటర్ కాడ మేనేజర్ పరశురాములు తాళంచెవి ఇయ్యబోతూ ఆగిండు. ఇద్దరినీ చూసిండు.

"రాత్రి జర చప్పుళ్లయితయ్. గుట్ట చప్పుడు. పరేషాన్ గాకుండ్రి."

"గుట్ట చప్పుడు చేస్తదా?" అన్నది నర్మద.

"చేస్తదమ్మా" అని తాళంచెవి చేతుల పెట్టిండు. 

గది బాగుంది. తెల్లటి దుప్పట్లు. రెండు మంచాలు. కిటికీ పరదా తీస్తే ఎదురుంగ గుట్ట — నల్లగ, పెద్దగ, పొద్దుగూకే ఎండలో సగం ఎర్రగ. పక్కపొంటి రాళ్లకోసం కోసిండ్రు. సగం కొరికిన బెల్లం ముద్ద లెక్క ఉన్నది.

"మన కాడ అన్నీ తవ్వి పోసిన మట్టి కుప్పలే. గిది ఒరిజినల్ గుట్ట, చూడు" అన్నడు సంపత్.

"దీన్ని గూడ కోసిండ్రు గదరా."

"పక్కకే కోసిండ్రు. మన ముంగట ఒరిజినలే."

నర్మద నవ్వింది. చాలారోజులకు నవ్వింది. కిటికీ కాడ కుర్చీ వేసుకొని, చీకటి గుట్టను మింగేదాకా చూసింది. సంపత్ నీలం అంగి విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించిండు. బనీను మీద పండుకొని ఫోన్ చూస్తూ చూస్తూనే నిద్రపోయిండు.

ఆమెకు నిద్ర ఎప్పుడు పట్టిందో తెలవదు. ఎప్పుడు పోయిందో మాత్రం తెలుసు.

ఖణ్...

కండ్లు తెరిచింది. చీకటి. ఫ్యాను తిరుగుతున్నది.

ఖణ్... ఖణ్...

పైనుంచే. తలుపు దిక్కు మూల నుంచి. ఒక దెబ్బ. జరసేపు ఆగుడు. జర జరిగి మళ్లొక దెబ్బ. ఆగుడు.

అది నడిచేటోని చప్పుడు గాదు... వెతికేటోని చప్పుడు.

నర్మద లేచి కూసున్నది. భయంతోని గాదు — ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఆమె లెక్క ఆ కాలనీలో ప్రతి ఆడదానికి తెలుసు.

బాయిల పని మొదలువెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చూస్తరు. రాజేశం ఎన్నిసార్లు చెప్పిండో. గట్టి కప్పు ఖణ్‌మని మోగుతది. లోపల పగిలి విడిచిన కప్పు మోగదు. బద్దుమంటది. బద్దుమన్న కాడ మనిషి నిలబడొద్దు. ఇంట్ల గూడ ఆయన చేతికర్రతో స్లాబును కొట్టి చూడంది పండుకోడు. "రాజేశన్నా, గది క్వార్టరు, నీ బాయి గాదు" అని పక్కింటోళ్లు నవ్వుతరు. ఆయన గూడ నవ్వుతడు. నవ్వుకుంటనే మళ్ల కొడ్తడు.

ఇప్పుడు ఎవరో... ఈ గది కప్పును అట్లనే చూస్తున్నరు.

చప్పుడు మెల్లగ ఆమె మంచం మీదికి వచ్చింది.

ఖణ్.

దాటిపోయింది. రెండు మంచాల నడుమ — ఖణ్. ఇంకా అవతలికి. సంపత్ మంచం మీద—

బద్.

ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్ల అక్కడనే, నమ్మకం కుదరనట్టు ఇంకోసారి.

బద్.

మోకాలు నొప్పి ఉన్నదన్న సంగతే మరిచిపోయింది నర్మద. దిగి కొడుకు భుజం పట్టి గుంజింది.

"లే... లేరా. నా మంచం మీద పండు."

"ఎందుకే...?"

"గాడ ఫ్యాను గాలికి మోకాలు గుంజుతంది. లే, బిడ్డా."

సగం నిద్రలోనే లేచి, ఆమె మంచం మీద పడి, మళ్ల నిద్రపోయిండు. నర్మద అతని జాగలో పండుకున్నది. వెల్లకిల. కండ్లు కప్పు మీదనే. కప్పు విడిచింది. పడేది నా మీదనే పడనీ అనుకున్నది. అట్లనుకున్నంక మనసు జర నిమ్మళమైంది.

చప్పుడు ఆమె మీదికి వచ్చింది. ఇందాకటి చోటనే. సరిగ్గ అక్కడనే.

ఖణ్.

నర్మదకు అర్థం గాలేదు. ఇప్పుడే గదా బద్దుమన్నది...

చప్పుడు కదిలింది. రెండు మంచాల నడుమ — ఖణ్. ఇంకా ఇవతలికి. ఇందాక ఆమె పండుకున్న మంచం మీద, ఇందాక గంటలెక్క మోగిన చోట... కింద ఇప్పుడు సంపత్ ఉన్నడు.

బద్.

 పాడైంది కప్పు గాదు.

లేచి కొడుకు తలకాడ కూసున్నది. అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. ఊపిరి ఆడుతున్నది. వేడిగ ఉన్నడు. ఏమీ తెలవని పసిపోరని లెక్క నోరు తెరిచి నిద్రపోతున్నడు.

పైకి చూసింది.  పెదవులతోనే అడిగింది.

"ఎవలయ్యా... ఎవలు నువ్వు?"

ఏమీ లేదు. ఫ్యాను చప్పుడే. తర్వాత, చాలా మెల్లగ, కడ్డీని పైకెత్తకుండ ఊరికె ఆనించినట్టు...

బద్.

అటెంక చప్పుడు ఆగింది. నర్మద తెల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.

పొద్దున కిటికీల గుట్ట నిన్నటి లెక్కనే ఉన్నది. ఎండ పడి మెరుస్తున్నది. నర్మద లైటు వేసి కప్పంతా చూసింది. ఒక్క పగులు లేదు, ఒక్క గీత లేదు. తెల్లగ, సాపుగ ఉన్నది.

కింద పరశురాములు ఆమె మొఖం చూసి తానే మాట తీసిండు.

"చప్పుడైందా అమ్మా? అది గుట్టదే. పగలంత రాయి కాలుతది. రాత్రి చల్లబడంగ లోపల పటపట ఇరుగుతది. ఆ చప్పుడు మన స్లాబుకు తాకుతది. పైగదికే తెలుస్తది. అందరూ దయ్యమనుకొని దిగుతరు."

"అంటే గుట్టకు గూడ మా అవ్వ లెక్కనే కీళ్లనొప్పులన్నట్టు" అన్నడు సంపత్. ఇద్దరూ నవ్విండ్రు.

నర్మద తలూపింది. రాయి కాలుతది. చల్లబడుతది. అంతే అయి ఉంటది. అంతే కావాలె.

సంపత్ ఆటో కోసం బయటికి పోయిండు. ఆమె తువ్వాల మరిచినని మళ్ల మెట్లెక్కింది. వరండాలో ముసలామె ఒకతె నేల తుడుస్తున్నది. పేరు పోశవ్వ. హోటల్ కట్టినప్పటి నుంచి అక్కడనే పని.

"తెల్లారేదాక ఉన్నరా?" అన్నది పోశవ్వ, తుడుసుడు ఆపకుండ. "శానా ధైర్యమే."

"గుట్ట చప్పుడంట గద."

"సారు అట్లనే చెప్తడు. గిరాకీ కావాలె గద." గుడ్డ పిండుకుంట అన్నది. "గోదావరి దిక్కు మనిషే ఒకాయన ఉండేటోడు గా రూముల. బాలమల్లు. బొగ్గుబాయిల పెద్ద పనోడంట. ఊపిరి బీమారికి ఇక్కడి దవాఖానకు వచ్చేటోడు, వచ్చినప్పుడల్ల గదే రూము. పండే ముందు కర్రతోని కప్పంత కొట్టేటోడు. ఏందయ్యా నీ లొల్లి అంటే, చూసుకొని పండాలె పోశవ్వా అనేటోడు. ఓ రాత్రి నిద్రలనే పోయిండు. గా రూములనే."

నర్మద గది తలుపు దిక్కు చూసింది.

"మంచోడే" అన్నది పోశవ్వ. "ఇప్పటికి గూడ ఎవలొచ్చినా చూసి పోతడు. గంతే. ఖణ్ ఖణ్‌మంటది. గా చప్పుడుకే జడుస్తరు. మోగితే మంచిదే గదా, పిచ్చోళ్లు."

"ఎవరికన్న..." నర్మద దగ్గరికి జరిగింది. "ఎవరికన్న మోగకుండ... బద్దుమని వినవడ్డదా?"

పోశవ్వ తుడుసుడు ఆపింది. మొదటిసారి తలెత్తి చూసింది.

"ఒక్కనికి. రాళ్లు మోసే లారీ నడుపుతుండె. పొద్దుగాల నాతోనే చెప్పి నవ్విండు. లారీ ఎక్కి పోయిండు, మళ్ల పాణంతోని రాలే." గుడ్డ కింద పెట్టి అడిగింది.

"మీ పిలగాడు ఏం పని చేస్తడమ్మా?"

నర్మద తువ్వాల తీసుకోకుండనే దిగింది.

దవాఖానలో రిపోర్టు ఇచ్చిండ్రు. మోకాలికి పెద్దగేం లేదన్నరు. ఆమె ఆ మాట సగమే విన్నది. బస్టాండుకు వచ్చిండ్రు. సంపత్ బస్సు ఎక్కడ ఆగుతదో కనుక్కుంటనని బోర్డు దిక్కు పోయిండు. నర్మద ఫోన్ తీసింది.

"ఇగో... ఇనుండ్రి" అన్నది. రాత్రి సంగతి మొత్తం భర్తకు చెప్పింది. ఎక్కువ మాటలు పెట్టలేదు. ఎక్కడ ఖణ్‌మన్నదో, ఎక్కడ బద్దుమన్నదో అది చెప్పింది. బాలమల్లు పేరు చెప్పింది.

నవ్వుతడనుకున్నది. రాజేశం నవ్వలేదు. అవతల దగ్గు. 

"బాలమల్లన్నా..." అన్నడు ఆఖరికి. "నాకు కప్పు కొట్టుడు నేర్పిందే ఆయన."

నర్మద ఫోన్ చెవికి గట్టిగ ఆనిచ్చుకున్నది.

"గుర్తేమన్న పెట్టిండా?" అన్నడు రాజేశం.

"ఏం గుర్తు?"

"సుద్దతోని. ఇంటూ గుర్తు. బద్దుమన్న కాడ గుర్తు పెట్టాలె. పెట్టంది ముంగటికి పోడాయన. ఎన్నడూ పోలే."

"లేదు. లైటేసి కప్పంత చూసిన. గీత గూడ లేదు."

అవతల పెద్దగ ఊపిరి విడిచిండు. "అయితే ఫికర్ లేదు. గుట్ట చప్పుడే అయి ఉంటది. పిలగాన్ని బెదిరియ్యకు. సోమవారం మంచిరోజు."

బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డరు. సంపత్ సంచీ కిటికీలోంచి సీటు మీద వేసి, తల్లి దిక్కు తిరిగి చెయ్యూపిండు. మళ్ల డోరు దిక్కు మళ్లిండు.

నీలం అంగి. రాత్రంతా తలుపు వెనక వేలాడిన అంగి. దాని వీపు మీద, రెండు భుజాల నడుమ... తెల్లగ, గట్టిగ, వంకర లేకుండ గీసిన ఇంటూ గుర్తు.

"హలో" అంటున్నడు రాజేశం. "ఉన్నవా? హలో..."

నర్మద జనాన్ని తోసుకుంట పోయింది. కొడుకు రెక్క పట్టి మెట్టు మీంచి కిందికి గుంజింది.

"ఏమైందే అవ్వా? సీటు పోతది!"

"వాడు దిగడు" అన్నది నర్మద ఫోన్‌లోకి. ఆమె గొంతు అంత గట్టిగ సంపత్ ఎన్నడూ వినలేదు. "ఉద్యోగం పోతే పోనీ. నా కొడుకు బాయిల దిగడు." ఫోన్ పెట్టేసింది.

"అవ్వా... ఏందిది?"

"ఏం లేదు. అంగికి సుద్ద అంటింది. అటు తిరుగు."

సంపత్ తిరిగిండు. ఆమె అరచేత్తో కొడుకు వీపు మీద దులిపింది. ఒకసారి. సుద్ద కొంచెం రాలింది. ఇంకోసారి చెయ్యి లేపింది... ఆపింది.

మొదటి దెబ్బకు వచ్చిన చప్పుడు ఆమె విన్నది.

బద్.