సౌభాగ్య పేరు ముందు శ్రీ

"అస్తమానం నా పేజీతో మీకేం పనండీ?"

గొడుగులోంచి నీళ్ళు కారుతుండగానే ఆ అమ్మాయి వచ్చి చంద్రమౌళి టేబుల్ ముందు నిలబడింది. అతని చేతిలోని సమోసా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏ పేజీ మేడమ్?"

"నటించకండి. నేను కంప్యూటర్ సెక్షన్ సౌభాగ్యని. మన ఆఫీసు లోపలి వెబ్‌సైట్లో ఎవరు ఏ పేజీ చూస్తున్నారో లెక్క తీయడం నా పని. ఎవరూ చూడని పేజీలు ఎత్తేద్దామని పెద్ద సారు తీయమన్నారు. తీస్తే ఏముంది? సెలవుల పేజీ కన్నా పైన నా పేజీ! నా పేరు, నా సెక్షన్, నా ఫోటో! చూసేది మాత్రం మీరొక్కరే!"

"రామ రామ! మీ ఫోటో ఎలాగుంటాదో కూడా నాకు తెలీదు మేడమ్. నేను వెతికేది శ్రీని."

"అచ్ఛా! ఆ శ్రీ ఎవరు?"

చంద్రమౌళి తల గోక్కున్నాడు. వాళ్ళ తాత బొబ్బిలి వైపు నుంచి హిందీవాళ్ళ ఊరైన బిలాస్‌పూర్‌లో రైల్వే షెడ్డుకి పనికొచ్చాడు. ఇల్లు రైల్వే క్వార్టరే అయినా, తల్లి కనకం ఆచారాలేవీ వదల్లేదు. ఏ పని మొదలుపెట్టినా కాగితం మీద ముందు శ్రీకారం చుట్టాలన్నది ఆవిడ శాసనం. ఆఫీసులో కాగితాలు పోయి అంతా కంప్యూటరయ్యాక అతనికి చిక్కొచ్చిపడింది. శ్రీ ఎక్కడ రాయాలి? ఫైల్లో రాస్తే పైవాళ్ళు తిడతారు. ఖాళీగా కనిపించింది వెబ్‌సైట్లో వెతుకుడు గడి. ఫైలు తెరిచే ముందల్లా అందులో ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. కంప్యూటర్లో కొట్టిన శ్రీ దేవుడికి అందుతుందా లేదా అన్న అనుమానం అతనికీ ఉంది. కాని మానేసి చూసే ధైర్యం లేదు.

అదంతా విని సౌభాగ్య నుదురు కొట్టుకుంది.

"మగవాళ్ళందరికీ శ్రీ వేరే గడిలో ఉంటుంది. నేను చేరినప్పుడు మన హెడ్ క్లర్కు బడే బాబు నా పేరు గడిలోనే 'శ్రీ సౌభాగ్య' అని కొట్టేశాడు. అందుకే శ్రీ అంటే నా ఒక్కదాని పేజీయే తెరుచుకుంటోంది. కుదుదండ్ పేటలో మా ఇంటికి ఆఫీసు ఉత్తరాలన్నీ శ్రీ అనే వస్తాయి. పోస్ట్‌మన్ 'సాబ్ ఉన్నారా' అంటాడు!"

చంద్రమౌళికి నవ్వొచ్చింది. ఆమె చూపు చూసి మింగేశాడు.

"అయితే ఇన్నాళ్ళూ నా ఫోటో ఒక్కసారీ చూడలేదా?"

"ఒట్టు మేడమ్. కళ్ళు మూసుకునే ఉన్నాను."

ఈ జవాబుకి ఆమె శాంతించాలి కదా! ముఖం ఇంకా ముడుచుకుంది. "అంత బాగాలేదా ఏం?" అని గొడుగు విదిలించుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మీటింగులో ఆ లెక్క, చూసినవాళ్ళ పేర్లు లేకుండా, గోడ మీద పెద్దగా పడింది. పెద్ద సారు రమణమూర్తి కళ్ళజోడు సవరించుకున్నారు. "సౌభాగ్యా, ఏమిటమ్మా ఇది? నీ పేజీ నువ్వే చూసుకుంటున్నావా?"

గదంతా కిచకిచలు. ఆమె ముఖం ఎర్రబడింది. అతని పేరు చెప్పేస్తే ఆమె బయటపడుతుంది. కాని ఆమె చెప్పలేదు. తల దించుకుంది.

వెనక వరసలో చంద్రమౌళి లేచాడు. ఇక దాక్కోవడం అతనివల్ల కాలేదు.

"సార్, అది నేనే. ఫైలు ఫైలుకీ మేడమ్ పేజీ తెరిచి, కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాను సార్."

శ్రీకారం సంగతి చెప్పేలోపే గది నవ్వులతో దద్దరిల్లింది. "ప్రసాద్ కబ్ మిలేగా?" అని, ప్రసాదం ఎప్పుడు పెడతారన్నట్టు ఎవరో అరిచారు. రమణమూర్తి కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకుని, "ముందా శ్రీ తీయించండయ్యా!" అన్నారు.

తీయించారు. మర్నాడు చంద్రమౌళి శ్రీ కొడితే "ఏమీ దొరకలేదు" అని వచ్చింది. ఫైలు తెరవబుద్ధి కాలేదు. బయట వాన. మీటింగులో ఆమె తల దించుకున్న తీరే కళ్ళలో మెదులుతోంది. మెల్లిగా గడిలో సౌభాగ్య అని కొట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

ఫోటోలో ఆమె నవ్వు ఆపుకుంటున్నట్టుంది. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట.

ఫోను మోగింది.

"మళ్ళీ నా పేజీయేనా?"

"మీకెలా తెలిసింది?"

"నా పనే అది. ఈసారి పేరు కొట్టారు. శ్రీకారం కాదుగా. మరి ఏటి?" అంది, అతని యాసనే పట్టుకుని.

"కళ్ళు తెరిచే చూస్తున్నానండి. బాగుంది. చాలా బాగుంది."

ఆమె గొంతు తగ్గించింది.

"ఆఫీసు కంప్యూటర్లో చూడకండి. రిపోర్టులో పడుతుంది. సాయంత్రం గేటు దగ్గర టీ కొట్టుకి రండి. అక్కడ ఎంతసేపు చూసినా లెక్క తీసేవాళ్ళు లేరు."

తర్వాత సంగతి కనకం చెవిన పడింది. ఆవిడ కోప్పడుతుందని చంద్రమౌళి భయపడ్డాడు.

"అచ్ఛా, పైన శ్రీ, పక్కన పిల్ల పేరు!" అని ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "ఆ బడే బాబు తప్పేటి రాయనేదురా నాయనా. మన శుభలేఖే కాస్త ముందు రాసీసినాడు!"