ఎర్ర రిబ్బను పిన్ను

భర్త చొక్కాను బకెట్లో ముంచబోతూ జేబు తడిమింది ఆమె.

గట్టిగా ఏదో తగిలింది.

ఇనుప పిన్ను! దానికో పొడవాటి ఎర్ర రిబ్బను.



విమానాల మెకానిక్ కూతురు ఆమె. అది ఎక్కడుండాలో తెలుసు. పాత ఎయిర్‌ఫీల్డ్‌లో మిగిలిన ఒకే ఒక్క యుద్ధవిమానంలో... పైలట్ సీటుకి! మిగతావన్నీ ఎప్పుడో ముక్కలై తూకానికి పోయాయి. దీనికి కాపలాగా నాన్న మిగిలాడు.

ఆ సీటు కింద మందుగుండు ఉంది. పిడి లాగితే మనిషిని సీటుతో సహా పైకి విసిరేస్తుంది. పిడి కదలకుండా ఆపేది ఈ పిన్నే! మందుగుండు తీయించాల్సిన ఆఫీసర్లు ఇవాళా రేపూ అంటూ ఏళ్ళు గడిపేశారు.

"ఏమండీ! ఇదెక్కడిది?"

లారీ తుడుస్తున్న భర్త ముఖం పాలిపోయింది.

"అదీ... రాత్రికి తమ్ముడు గ్యాస్ కట్టర్ తెస్తున్నాడు. విమానాన్ని తుక్కు కింద..."

"దొంగతనంగానా? నాన్న ప్రాణమండీ అది!"

"వాడికేం కాకూడదనే పిన్ను తీశానే! ఫ్యూజు పీకితే కరెంటు పోదూ? ఇదీ అంతే అనుకున్నా."

"నాన్న కనిపెట్టలేదా?"

"దాని చోట ఎర్రగుడ్డ ముక్క కట్టొచ్చా. శుక్లాల కళ్ళు కదా, ఆయనకేం..."

ఇద్దరూ ఒకేసారి పడమటి వైపు చూశారు. పొద్దు వాలుతోంది.

ఈ వేళకి నాన్న ఆ సీట్లోనే ఉంటాడు! డయల్స్ మీది దుమ్ము తుడుస్తూ...

"బండి తీయండి!"

గడ్డి మొలిచిన రన్‌వే మీద బండి ఎగిరెగిరి పడింది. షెడ్డు తలుపు. ఇనుప నిచ్చెన.

"నాన్నా! కదలొద్దు!"

"ఏంటమ్మా ఆ పరుగు? ఇది ఎక్కడికీ ఎగిరిపోదులే. ఇంజనే లేదు!"

నవ్వుతూ లేవబోయాడు ముసలాయన. మోకాళ్ళ మధ్య పిడి... చొక్కా అంచు దానికి చిక్కుకుంది!

ఆమె తండ్రి భుజం నొక్కిపట్టింది. వంగి, పిన్ను దూర్చింది.

టిక్!

తండ్రి పిన్నుని తడిమాడు. గుడ్డముక్కని తడిమాడు. అల్లుడి వైపు తిరిగాడు.

"నువ్వు మామయ్యని నడిపించుకెళ్ళు. నేను తాళం వేసొస్తా," అన్నాడు భర్త తల దించుకుని.

దారిలో తండ్రి ఒక్కమాటే అన్నాడు.

"ఒక్కొక్కటీ లారీ ఎక్కుతుంటే చూశానమ్మా. దీన్ని మాత్రం చూడకుండా పోతాననుకున్నా."

అల్లుడు ఇల్లు చేరేసరికి చీకటిపడింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు అల్లుడూ."

అల్లుడు గుమ్మంలో కాళ్ళు కడుక్కోసాగాడు.

"నిన్నే!"

"తమ్ముడి దగ్గరుంది మామయ్యా. వాడు వచ్చేశాడు, వద్దన్నా ఆగేలా లేడు. పిన్ను పెట్టేశాంగా, ఇంక భయం లేదని నేనే..."

ముసలాయన గోడ పట్టుకున్నాడు.

"పిన్ను పిడికి అడ్డం రా! నిప్పుకి కాదు!"

అల్లుడు ఫోన్ తీశాడు. రింగవుతోంది... ఎత్తడం లేదు. కట్టర్ హోరులో వినపడదు!

"ఎత్తరా... ఒరేయ్, ఎత్తరా!"

ఢాం!!

కిటికీ అద్దాలు గలగల్లాడాయి. ఎయిర్‌ఫీల్డ్ వైపు కాకులు గోలగా లేచాయి.

ఫోన్ ఇంకా రింగవుతూనే ఉంది. అతను దాన్ని చెవి నుంచి దించలేదు.

ముసలాయన మంచం మీది దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు. అల్లుడి తల మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించాడు.

చెప్పులైనా తొడుక్కోలేదు. గుమ్మం దాటాడు.