చెరిపేసిన వెలుగు

“నా వెలుగేదీ? ఏం చేసినారు దాన్ని?”

రాయదుర్గం మెట్రో కింది కాఫీ షాపులోకి వానలో తడుస్తూ వచ్చిన భార్గవి, లాప్‌టాప్‌ను తన డేటాకు గ్రాఫులు గీసిపెట్టే అవినాష్ ముందు ఠపీమని పెట్టింది. నెల రోజులుగా ఫోన్లో విన్న గొంతుకు ఇంత పెద్ద కళ్ళుంటాయని అతను ఊహించలేదు. తిట్లు తింటూనే చూస్తూ ఉండిపోయాడు.

“గ్రాఫులో చిన్న బుడిపె ఉంటేనండీ... ఏదో పనికిరాని నాయిస్ అనుకుని క్లీన్ చేసేశాను.”

“ఆ బుడిపె కోసమే నేను పీహెచ్‌డీ చేస్తాండేది!”

సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, గీత నున్నగా ఉంటేనే దానికి తృప్తి. భార్గవి గబగబా విడమరిచింది. హైడ్రోజన్ కలిపిన హీలియం గ్యాసులోకి విదేశీ ల్యాబ్‌లో మ్యూఆన్లను వదిలారు. మ్యూఆన్ అంటే ఎలక్ట్రాన్‌కు బాగా బరువైన అన్న. అది ఆ రెంటినీ దగ్గరికి చేర్చి ఒక వింత అణువును కడుతుంది. కట్టినంతసేపు పట్టదు, అణువు చెదిరిపోతుంది. అప్పుడు కంటికి కనపడని చిన్న వెలుగొస్తుంది, గ్రాఫులో బుడిపె అదే. కాసేపట్లో గైడ్ ఉదయ్ భాస్కర్ గారికి ఆ వెలుగు చూపించకపోతే థీసిస్ మళ్ళీ మొదటికే.

“పాత గ్రాఫు తెచ్చేస్తానండి. కానీ మ్యూఆన్లు వదలకుండా తీసిన డేటాలోనూ బుడిపె ఉంటే? అది మీ వెలుగు కానట్టే కదండీ?”

భార్గవి ముఖం పాలిపోయింది. “ఆ డేటా నిన్ననే వచ్చె. తెరవాలంటే భయంగా ఉండాది.”

“కలిసి చూద్దామండి.”

మ్యూఆన్లు లేని గీత చదునుగా వచ్చింది. మ్యూఆన్లున్న గీతలో బుడిపె దర్జాగా నిలబడింది.

“ఉండాది! నిజంగానే ఉండాది!” అవినాష్ చెయ్యి పట్టుకుని ఊపేసింది భార్గవి. పక్క టేబుళ్ళవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో సార్‌కి వీడియో కాల్ కలిపింది. తెర మీద ఇంకా ఎవరూ రాలేదు.

అవినాష్ ఇక ఆగలేకపోయాడు. “భార్గవి గారూ, మీరంటే నాకు చాలా ఇష్టమండి,” అనేశాడు.

“ఇష్టమైనోళ్ళను ఎవరన్నా ‘మీరు’ అంటారా?”

“నువ్వంటే ఇష్టం.”

“ఇన్నాళ్ళూ ఫోన్ పెట్టబుద్ధిగాక లేని డౌట్లన్నీ అడిగితిని. నీకు తెలీలేదా? నాకూ ఇష్టమే!”

లాప్‌టాప్ లోంచి దగ్గు వినపడింది.

“మ్యూట్ పెట్టుకోవడం మర్చిపోయావు తల్లీ,” అన్నారు ఉదయ్ భాస్కర్ గారు. “చాలా సంతోషం. అబ్బాయిని కూడా ఇటు జరగమను. ఇద్దరూ కలిసి చూపించండి, ఆ వెలుగేంటో.”