ఆధారం: మా అవ్వ

ఆ శనివారం చేయవలసిన పనులను ఒక చీటీ మీద ఇలా రాసుకున్నాను.

పరగోడులో నాన్నకు మోటారు స్టార్టరు బాగు చేయించి బస్సులో పంపాలి.
సాయంత్రం బ్యాచ్‌కు టైపింగు పరీక్ష పెట్టాలి.
గ్రూపులో వారమంతా వచ్చిన ఉత్తరాలు ప్రింటు తీసి ఆదినారాయణప్ప సారుకు ఇవ్వాలి.
క్యూలో ఆగి ఉన్న ఉత్తరాలు చూడాలి.
గుడిబండె మునిలక్ష్మమ్మ గారి ఉత్తరం 'ఆధారం లేదు' అని కారణం రాసి తిప్పి పంపాలి.

అన్నీ చేశాను. ఐదోది శుక్రవారం రాత్రే చేసేశాను. శనివారం మధ్యాహ్నం ఆ మునిలక్ష్మమ్మ గారే, నీళ్ళు కారుతున్న గొడుగుతో మా కంప్యూటర్ సెంటర్‌లోకి వచ్చారు. ఇరవై ఒకటో రెండో ఉంటాయి.

"ఈడ మోడరేటర్ అంటే ఎవరు?"

చింతామణిలో అంతవరకు నన్నెవరూ ఆ పేరుతో వెతుక్కుంటూ రాలేదు. లేచి నిలబడ్డాను.

"నేనే. మీరు?"

"మునిలక్ష్మమ్మ."

"ఆమెకు డెబ్బై నాలుగేండ్లని ఫారంలో ఉండాదే?"

"ఆమె మా అవ్వ. ఆమె చెప్తాది, నేను టైపు కొడతాను. నా పేరు నేత్ర. నేను చదివే బాగేపల్లి నుంచి చేలూరు మీద బస్సులో నిలబడుకొని వచ్చినాను, మా అవ్వ మాటకి ఆధారం అడిగినాయన మొకం ఎట్లుంటాదో చూసి పోదామని."

"చూసినారు కదా."

"చూసినాను. దానికీ ఆధారమేమీ కనపడలే."

టైపింగు నేర్చుకుంటున్న పిల్లలంతా కీబోర్డులు వదిలేసి నవ్వారు. బయట వాన కూడా పనికట్టుకొని ఎక్కువైంది, ఆమె వెంటనే వెళ్ళడానికి లేకుండా.

మా గ్రూపు సంగతి చెప్పాలి. అది 2005. ఆదినారాయణప్ప గారు నాకు హైస్కూల్లో పాఠం చెప్పిన సారు. మా ఇంట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. ఆ సంతకం నేర్పింది ఆయన. రిటైరయ్యాక ఆయన తత్వాలు, వేదాంతం మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక ఈమెయిల్ గ్రూపు పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. మూడు వందల మంది సభ్యులు. ఆయన కళ్ళకు పొర కమ్మడంతో గ్రూపు చూసుకునే పని నాకు అప్పగించారు. నేనిచ్చే ప్రింట్లు ఇంట్లోవాళ్ళు ఆయనకు చదివి వినిపించేవారు.

ఒకసారి ఎవరి మఠం గొప్పదని మూడు వారాలు కొట్లాట జరిగి నలభై మంది వెళ్ళిపోయారట. అప్పటినుంచి సారు నియమాలు పెట్టారు. చెప్పే ప్రతి మాటకూ గ్రంథం పేరు, పుట సంఖ్య ఆధారంగా చూపాలి. సభ్యులు ఒకరికొకరు సొంత ఉత్తరాలు రాసుకోకూడదు. కొత్తవాళ్ళ ఉత్తరాలు మోడరేటర్ చూసి వదలాలి. మూడు ఉత్తరాలు అలా వదిలాక వాళ్ళకు స్వేచ్ఛ. నాలుగోది ఎవరూ చూడకుండానే నేరుగా అందరికీ పోతుంది. తిప్పి పంపేటట్టయితే కారణం రాయాలి. దానికొక చిన్న పెట్టె ఉంటుంది, దాని కింద మా సెంటర్ చిరునామా పడుతుంది.

నియమాలు పెట్టాక కొట్లాటలు పోయాయి. మూడు వందల మందిలో రాసేవాళ్ళు కూడా పదిమందికి తగ్గిపోయారు. మిగతావాళ్ళు ఎందుకు రాయడం లేదో నేను ఆలోచించలేదు. గ్రూపు శుభ్రంగా ఉందని సంతోషపడ్డాను.

"తొమ్మిది వాకిళ్ళ ఇల్లు అంటే అర్థం రాయించింది మా అవ్వ," అంది నేత్ర. "'అన్ని వాకిళ్ళుండే ఇంటిని ఊడవను ఒక్క మనిషి చాలదు, దానికే ఇంకొకరు తోడు కావాల' అనింది. అందులో ఏం తప్పుండాది?"

"తప్పు లేదు. గ్రంథం పేరు లేదు."

"సరే, రాసుకోండి. గ్రంథం: మా అవ్వ. పుట: డెబ్బై నాలుగు."

ఈసారి నేనూ నవ్వాను. ఆమె చేత అక్కడే మళ్ళీ పంపించుకొని, ఆ సాయంత్రమే ఆ ఉత్తరాన్ని వదిలేశాను. పదకొండు జవాబులు వచ్చాయి. ఇంత తేట మాట విని చాలా రోజులైందని బెంగళూరు నుంచి ఒక పెద్దాయన రాశారు. రెండు వారాలకు అవ్వ రెండో ఉత్తరం వచ్చింది. అదీ వదిలాను.

ఆ మధ్యలో నేత్ర, అవ్వ పేరుతో ఉన్న అదే ఐడీ నుంచి, సొంతంగా రాయడం మొదలుపెట్టింది. అవి గ్రూపుకు పనికిరావని ఆమెకూ తెలుసు.

"బాగేపల్లి బస్టాండులో కాఫీకి చక్కెర వేయరు. ఇది వైరాగ్యమా, పిసినారితనమా? పెద్దలు చెప్పాల."

నేను కారణం పెట్టెలో రాశాను: "విషయానికి సంబంధం లేదు. చింతామణి కాఫీలో చక్కెర ఉంటుంది."

మర్నాడు ఇంకొకటి: "చింతామణి కాఫీకి ఆధారం చూపగలరు."

ఇలా సాగింది. ఆమె తప్పు ఉత్తరం రాయాలి, నేను తిప్పి పంపాలి. తిప్పి పంపేటప్పుడు కారణం రాయాలి. ప్రేమించుకునేవాళ్ళకు చెరువు గట్లు, సినిమా హాళ్ళు ఉంటాయి. మాకు రెండు వేళ్ళ వెడల్పు పెట్టె ఉండేది. దాంట్లో నాలుగు వరుసలు మాత్రమే పడతాయి. కాలేజీ అయ్యాక ఆమె బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళే వేళ నాకు తెలుసు. ఆ వేళకు నేను ఎవరికీ పాఠం చెప్పేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆమె అడిగింది: "మా మామ ఇంట్లో ఫోను ఉండాది. నంబరు రాస్తే రూలు తప్పినట్టా?"

గంటసేపు ఆలోచించాను. "తప్పినట్టే," అని రాశాను.

జవాబు వెంటనే వచ్చింది: "అయితే ఇట్లే తప్పుతప్పుగా రాస్తా ఉంటాను. మీరు తిప్పి పంపతా ఉండండి, మోడరేటర్ సార్."

నా బతుకులో అంత మంచి ఉత్తరం మళ్ళీ రాలేదు.

జూన్‌లో అవ్వ మూడో ఉత్తరం వచ్చింది. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"నేను అరవై ఏండ్లుగా తత్వాలు పాడతాండాను. నాకు గురువు లేడు. చిన్నప్పుడు రాగి చేన్లో కలుపు తీసేటప్పుడు పక్క సాలులో పుట్టమ్మ అని ఒకామె పాడతా ఉండేది. విని నేర్చుకుంటిని. ఆమెకి చదువు లేదు. నాకూ లేదు. భజన మొదలుపెట్టేటప్పుడు అందరూ వాళ్ళ గురువు పేరు చెప్పి మొక్కుతారు. నేను ఊరికే కూర్చుంటాను. పుట్టమ్మ పేరు చెప్పి మొక్కవచ్చునా? తెలిసినోళ్ళు సరే అంటే ఈ గురుపౌర్ణమికి చెప్పమన్నాడు మా భజన మునికృష్ణప్ప. ఆమె పేరు ఇంకెవరికీ గుర్తు లేదు. నేను పోతే అదీ పోతాది."

ఆధారం లేదు. అయినా తిప్పి పంపడానికి మనసు రాలేదు. వదులుదామని మౌస్ మీద చెయ్యి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇది మూడోది అని.

ఇది వదిలితే నేత్రకు స్వేచ్ఛ. ఆమె రాసేది నేరుగా మూడు వందల మందికి పోతుంది. కాఫీ ఉత్తరాలు ఉండవు. కారణం పెట్టె ఉండదు. ఫోను నంబరు వద్దన్నది నేనే.

రెండు రోజులు ఆగి వదులుదామనుకున్నాను. వదల్లేదు.

ఆ నెలాఖరున పరీక్షల పని మీద గుడిబండె పోవలసి వచ్చింది. నేత్ర ఇంటికి పిలిచింది. కొండ కిందే ఇల్లు. వాన పడితే బండ మీది నుంచి నీళ్ళు జారేది వాకిట్లోనుంచి కనిపిస్తుంది. అవ్వ నా చెయ్యి పట్టుకొని పీట మీద కూర్చోబెట్టింది. ముద్ద, చారు పెట్టింది.

"ఎవురి పిల్లోడివప్పా?"

"పరగోడు ఈరప్ప కొడుకునవ్వా. అమరనాథ్."

"సేద్యగాళ్ళేనా? అయితే తిను, ఇంకొక ముద్ద. కంప్యూటరోళ్ళు తినరని మా పిల్ల చెప్పింది."

"ఎప్పుడు చెప్తినవ్వా?" అంది నేత్ర గడప దగ్గరనుంచి. "ఆధారం లేకుండా తినరని కదా చెప్తిని."

అవ్వకు ఆ మాట అర్థం కాకపోయినా నవ్వింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు ఇష్టమైంది. అప్పుడడిగింది, నాకు దగ్గరగా వంగి:

"నేనడిగిన మాటకి లోపలుండే పెద్దోళ్ళు ఏమన్నారప్పా?"

నోట్లో ముద్ద ఉంది. మింగి చెప్పాను: "సారూ వాళ్ళూ ఇంకా చూస్తా ఉండారవ్వా."

"చూడనీ పాపం. చదువుకున్నోళ్ళు, నిదానంగానే చెప్తారు. తొందర లేదు, పున్నమిలోగా చెప్తే చాలు."

పున్నమి వచ్చింది. ఆ వారమంతా క్యూలో ఆ ఉత్తరం తెరిచి, మౌస్ మీద చెయ్యి పెట్టి, వదలకుండానే వెనక్కి తీసుకున్నాను. ఇన్నాళ్ళు ఎందుకు ఆగిందని నేత్ర అడిగితే ఏం చెప్పాలన్న భయం కూడా తోడైంది. ఒక రోజు ఆలస్యం ఇంకో రోజుకు కారణమవుతూ పోయింది. గురుపౌర్ణమి భజనలో అవ్వ ఎప్పటిలాగే ఊరికే కూర్చుందట. పెద్దవాళ్ళ జవాబు వచ్చే ఏడాదికైనా రాకపోతుందా అందట.

ఆగస్టులో మూడు రోజుల జ్వరంతో అవ్వ పోయింది.

ఆ సంగతి నాకు తెలియదు. ఒక ఆదివారం సారు ఇంటికి ప్రింట్లు తీసుకెళ్ళేసరికి నేత్ర అక్కడ కూర్చొని ఉంది. జడ వేసుకోలేదు. నన్ను చూసి లేచింది.

"అవ్వ పోయింది. రేపు పదకొండో దినం. పెద్దలు ఏం చెప్పినా సరే, ఆ కాయితం అవ్వ పటం ముందర పెట్టాలని వచ్చినాను. సారేమో అట్లాంటి ఉత్తరమే రాలేదంటాండారు."

సారు నా వైపు తిరిగారు. ఆయనకు నా మొకం కనిపించదు. అదొక్కటే నాకు మిగిలిన దయ.

"ఏ ఉత్తరమప్పా అమరా?"

కంఠతా వచ్చిన ఉత్తరమే కనుక నిలబడి చదివినట్టు చెప్పాను. చివరి మాట దాకా. 

"ఇది నా దాకా కూడా రాపనిలేదు కదప్పా," అన్నారు సారు. "'చెప్పుకో తల్లీ' అని నువ్వొక మాట రాసింటే చాలు. ఆధారం కావాలనింది నేనే. తప్పు నాది కూడా ఉండాది."

"లేదు సార్. ఆధారం కోసం ఆపలేదు."

"మరెందుకు?" అంది నేత్ర.

చెప్పాను. "మూడోది వదిలితే నీ నాలుగోది నా దగ్గరికి రాదని."

నా ప్రేమను నేను చెప్పింది అంతే. ఎన్నో రాత్రులు వేరేవేరేగా చెప్పుకొని చూసుకున్న మాట. దానికి ఒక చోటు, ఒక వేళ అనుకొని పెట్టుకున్నాను కూడా.

నేత్ర కళ్ళు తుడుచుకోలేదు. "ఈ మాట జూన్‌లో చెప్పింటే నవ్వేదాన్ని," అంది. "నంబరు వద్దంటే, రూలు తప్పని మనిషి, మంచోడు అనుకుంటిని. తప్పినా ఎవురికీ నష్టం లేని రూలు పట్టుకున్నావు. మా అవ్వ నోరు కట్టి, నన్ను మాట్లాడించినావు."

ఆమె నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. దాని కోసం నేను ఎంత ఎదురు చూశానో ఆమెకు తెలియదు.

ఆ రోజే ఉత్తరాన్ని వదిలాను, ఇన్నాళ్ళు నేనే ఆపానని పైన ఒక వాక్యం రాసి. మర్నాడు పొద్దునకు నలభై మూడు జవాబులు వచ్చాయి. ఒక్కరూ వద్దనలేదు. ఎప్పుడూ రాయనివాళ్ళు రాశారు. అన్నీ ప్రింటు తీసి మొదటి బస్సుకు గుడిబండె పోయాను. నేత్ర వాకిట్లోనే కాయితాలు అందుకుంది. లోపలికి రమ్మనలేదు. పొమ్మననూ లేదు. లోపల మునికృష్ణప్ప గొంతు వినిపించింది. భజన మొదలుపెడుతూ పుట్టమ్మ పేరు చెప్పాడు. నేను వీధిలో నిలబడి విన్నాను. సన్నగా వాన పడుతోంది. కొండ మీది నుంచి నీళ్ళు జారుతున్నాయి.

సారు నియమం మార్చారు. ఆధారంగా గ్రంథమైనా చూపవచ్చు, మనిషి పేరైనా చెప్పవచ్చు. ఏడాది తిరగకముందే రాసేవాళ్ళు నూటికి చేరారు. మురుగమల్ల నుంచి ఒకామె 'ఆధారం: మా అమ్మ' అని రాసింది. నేను మోడరేటర్ పని వదిలేస్తానంటే సారు ఒప్పుకోలేదు. "తప్పు చేసినోడే జాగ్రత్తగా చూస్తాడు, ఉండు" అన్నారు. ఉన్నాను. కొత్తవాళ్ళ ఉత్తరాలను ఇప్పుడు ఏ రోజువి ఆ రోజే చూస్తాను.

నేత్ర బి.ఎడ్. చేసి చిక్కబళ్ళాపురంలో టీచరైంది. అప్పుడప్పుడు గ్రూపుకు రాస్తుంది. ఆ ఉత్తరాలు నా దగ్గర ఆగవు. మూడు వందల మందితోపాటు నేనూ చదువుకుంటాను. తిప్పి పంపడానికి లేదు, కారణం రాయడానికి లేదు. ప్రతి ఉత్తరం కిందా ఒకటే ఉంటుంది: ఆధారం, మా అవ్వ.

మీలో ఎవరైనా ఎక్కడైనా పాడే ముందు గురువులను తలుచుకునేవాళ్ళుంటే, పుట్టమ్మ పేరు కూడా ఒకసారి చెప్పండి. అది అవ్వ అడిగింది. నేను అడిగేది ఇంకొకటి. పుట్టమ్మ తర్వాత గుడిబండె మునిలక్ష్మమ్మను తలుచుకోండి. ఆమె ఒకే ఒక మాట అడిగి, జవాబు వస్తుందని చివరిదాకా నమ్మింది.