ఉత్త కొవ్వు గడ్డే

తెల్లవారేసరికల్లా తల్లి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. వీధిలోవాళ్ళు ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన గుడ్డలన్నీ పక్కన గుట్ట పోసుకుంది. ఒంట్లో రక్తం తగ్గిపోయి, నాలుగు కుట్లు వేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అయినా ఆపడం లేదు. మొదటినుంచీ మొండిఘటమే.

కూతురు టీ గ్లాసు తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టింది. "రేపు ఆస్పత్రిలో చేరాలి కదమ్మా, ఇప్పుడెందుకివన్నీ?"

"నేను చేరను. నా పని నన్ను చేసుకోనీ."

"మళ్ళీ మొదలెట్టావా? కడుపులో ఉన్నది ఉత్త కొవ్వు గడ్డేనని డాక్టరు నీ ఎదుటే చెప్పాడుగా. చిన్నదైతే వదిలేసేవాళ్ళట. నీది పెరిగి, పుండుపడి, రక్తం కారుతోంది కాబట్టి తీసేస్తామన్నాడు. తీసేస్తే పీడా పోతుంది."

తల్లి మిషన్ ఆపింది. ఉత్త కొవ్వు గడ్డే. ఈ ఇంట్లో ఆ మాట మొదట పలికిన నోరు తనదే. వడ్రంగిపని చేసే భర్తకి కడుపులో క్యాన్సరని తేలినప్పుడు, డాక్టరు కాళ్ళావేళ్ళా పడి అతని నోటా భర్తకి అదే అబద్ధం చెప్పించింది. ఎండాకాలం దాటకుండానే మనిషి వెళ్ళిపోయాడు.

"మీ నాన్నకీ డాక్టరు ఎదుటే చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పకు."

కూతురి మొహం పాలిపోయింది. "అది వేరు, ఇది వేరమ్మా. ఇది నిజం. స్కానింగులో కూడా కొవ్వేనని తేలింది. నీ మీద ఒట్టు."

"నేనూ ఒట్లు పెట్టాను."

కూతురు నేలమీద కూలబడి ఏడ్చేసింది. "నాన్న నమ్మాడు కదా. హమ్మయ్య అని లేచి, ఏళ్ళుగా వాయిదా వేసిన వంటింటి అల్మరా తలుపు ఆ వారమే బిగించాడు. నువ్వూ అలా నమ్మొచ్చు కదమ్మా."

తల్లి వంటింట్లోకి చూసింది. ఆ తలుపు ఇప్పటికీ కిర్రుమనదు. తర్వాత తన పక్కనున్న గుడ్డల గుట్ట చూసుకుంది. ఏళ్ళుగా మూలపడ్డ పనిని మనిషి ఎప్పుడు పూర్తిచేస్తాడో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఆయన నమ్మలేదు. భార్య కోసం నమ్మినట్టు నవ్వాడు. ఒక్కసారైనా ఇద్దరూ కలిసి ఏడవకుండానే పోయాడు.

ఆమె కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. "హమ్మయ్య, కొవ్వు గడ్డేనా. సరే, రేపు చేరతాలే."

"నిజంగా నమ్మావా?"

"నమ్మాను" అంది నవ్వుతూ.

కూతురి మొహం తేటపడింది. ఆ రోజు తన మొహమూ ఇలాగే తేటపడి ఉంటుంది. ఆయన చూసే ఉంటాడు. తల్లి అటు తిరిగి దారం ఎక్కించబోయింది. సూది బెజ్జం కనబడలేదు.