ఆ చెట్టు కాయ దిగేదాకా

ఆంజనేయులికి అన్యాయం జరిగింది 2023 ఏప్రిల్ 24, సోమవారం నాడు. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు పక్కన రామచంద్రరావుగారి మామిడితోట. అందులో మూలనున్న ముసలి బంగినపల్లి చెట్టు మీద కాయ కోస్తూ పడి చచ్చిపోయాడు. నడుముకీ పైకొమ్మకీ కట్టుకున్న తాడు నడిమికి తెగింది.

"పుచ్చిపోయిందండీ, కొత్తది కొనండి" అని మొత్తుకుంటూనే ఉన్నాడు. "ఈ కోత కానీరా" అన్నారు ఆసామి. తీరా మనిషి పోయాక, "కొత్త తాడే ఇచ్చాను, వాడే జారాడు" అని పోలీసులకి చెప్పారు. నడుముకున్న ముక్క ఆ గొడవలో మాయమైంది. పైకొమ్మకున్న ముక్క కోసం ఎవడూ చెట్టెక్కలేదు.

ఎక్కరు కూడా. ఆ చావుతో ఆ మూలకి చెడ్డపేరు వచ్చేసింది.

గాలి ఉండదు... కొమ్మ కిర్రుమంటుంది. చెట్టుకి పిందె కూడా లేని ఏడు — కాయ నేల మీద పడ్డ చప్పుడు. టప్... టప్... అని. చూస్తే ఏమీ ఉండదు.

"వాడింకా దిగలేదయ్యా, కోస్తానే ఉన్నాడు" అని టీకొట్టు దగ్గర గొంతు తగ్గించి చెప్పేది ఎవరనుకున్నారు? రామచంద్రరావుగారే. పనోడు బతికుండగా వాడి పేరైనా సరిగ్గా పలకని మనిషి, చచ్చాక తెగ తలుచుకున్నారు.

చనిపోయినవాడి పెళ్ళాం కృష్ణవేణి. ఆ రోజు చెట్టుకింద గంప పట్టుకుని నిలబడింది ఆవిడే. నష్టపరిహారం అడగడానికి ఆసామి దగ్గరికి వెళితే, "ఏటిసూతకంలో కోర్టు గడప తొక్కకూడదే అమ్మాయ్. వాడి ఆత్మ అక్కడే ఇరుక్కుపోద్ది" అన్నారు. ఏడాది తిరిగాక వెళితే, "కాపేదీ? మామిడిచెట్టు ఒక ఏడు కాస్తుంది, ఒక ఏడు అలుగుతుంది. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడు విరగకాసింది. అప్పుడు కొత్త మాట — "నీ మొగుడున్న చెట్టు కాయ దిగనీ. దిగిన రోజే నీ డబ్బు. ఒట్టు."

దెయ్యమున్న చెట్టెక్కి కాయ దించే మొనగాడెవడు?

చట్టానికి కన్నీళ్ళు తెలీవండీ. క్యాలెండర్ తెలుసు. ఇలాంటి చావుకి పరిహారం కావాలంటే చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళలోపు దావా వెయ్యాలి. దాటిందా... తలుపు మూస్తారు. ఈ ముక్క ఆయనకి తెలుసు. ఆవిడకి తెలీదు.

ఆ రెండేళ్ళు మర్నాటితో నిండిపోతాయనగా, ఆ రాత్రి జరిగింది ఇది. నాకు చెప్పింది ఆవిడ తమ్ముడు, ఆటో నడిపే సాయికుమార్.

"ఈ టైములో ఎక్కడికే అక్కా?"

"మీ బావ దగ్గరికి."

చేతిలో డబ్బా. అన్నం, మాగాయ.

"దిగమని అడుగుతా. ఆయన దిగితే కాయ దిగుద్ది. కాయ దిగితే స్వాతి ఫీజు కట్టొచ్చు." స్వాతి కూతురు. నర్సింగు చదువు సగంలో ఆగిపోయింది.

"నాకు జొరం వచ్చేలా ఉందే..."

"రానీ. బిళ్ళ కొనిస్తా. పద."

గేటు దగ్గర ఆటో ఆపి, నేను లోపలికి రానన్నాడు. ఒక్కడే రోడ్డు మీద నిలబడేసరికి అది ఇంకా భయమైంది. అక్క కొంగు పట్టుకుని వెనకాలే నడిచాడు. వెన్నెల లేదు. కాళ్ళకింద ఎండాకులు చేసే చప్పుడు కూడా ఎవరిదో అనిపిస్తోంది...

టప్.

ఇద్దరూ ఆగిపోయారు.

కొమ్మ కిర్రుమంది. మళ్ళీ — టప్.

"మావా..." అంది కృష్ణవేణి. "మావా, దిగు... అన్నం తెచ్చా..."

చప్పుడు ఠక్కున ఆగింది. చీకట్లో తెల్లగా ఏదో కదిలింది — చెట్టు మీద కాదు, చెట్టుకింద. దాని చెయ్యి... కొమ్మల్లోకి పోయేంత పొడుగు!

సాయికుమార్‌కి ఆంజనేయ దండకం మొదటి మాట కూడా గుర్తు రాలేదట. ఎలాగో ఫోన్‌లో లైటు నొక్కాడు.

తెల్ల పంచె. నెత్తిన తువ్వాలు. చేతిలో, కాయ కోయడానికి కొసన వలసంచి కట్టిన పొడుగాటి చిక్కంకర్ర. చుట్టూ కాయలతో నిండిన ట్రేలు.

"బాబుగారూ... మీరా?"

"అరవకే... నేనే."

సొంత చెట్టుకి తనే దొంగ! పగలు కూలీల్ని పెట్టి కోయిస్తే ఊరంతా చూస్తుంది, ఒట్టు తీర్చాలి. వదిలేస్తే కాయ పండి రాలిపోతుంది, దానికి ప్రాణం ఒప్పదు.

"అయితే కాయ దిగినట్టేగా అండీ?" అంది కృష్ణవేణి.

"రేపొద్దు. ఎల్లుండి రా, మాట్లాడదాం."

అప్పుడు — పైనుంచి ఏదో జారి ఆవిడ కాళ్ళ మీద పడింది. పాము అనుకుని సాయికుమార్ ఎగిరి దూకాడు. పాము కాదు.

తాడుముక్క.

ముగ్గురూ తలెత్తి చూశారు. పైకొమ్మ మెల్లగా ఊగుతోంది... ఎవరూ లేరు. రామచంద్రరావుగారు చిక్కం పారేసి, చెప్పులు వదిలేసి పరిగెత్తారు.

తెల్లారుతూనే ఆ తాడుముక్క పట్టుకుని అక్కాతమ్ముళ్ళు నూజివీడులో లాయరు ఉదయశ్రీగారి గుమ్మం ముందున్నారు. ఆవిడ మొత్తం విని లేచి నిలబడ్డారు.

"ఎల్లుండి ఎందుకన్నాడో తెలుసా? ఇవాళే ఆఖరు రోజు. గడువు చెట్టు కాపుని చూసి నడవదమ్మా, చావుని చూసి నడుస్తుంది. కూర్చోండి, రాద్దాం."

తర్వాత తాడు చేతిలోకి తీసుకున్నారు. ఒక కొస పుచ్చి, పీచుపీచుగా తెగి ఉంది. కొత్త తాడు అన్న అబద్ధానికి అదే జవాబు. రెండో కొస తిప్పి చూసి, బల్ల మీద పెట్టేశారు.

ఆ కొస తెగలేదు. ముడి పడ్డచోట మెలిక గుర్తు అలాగే ఉంది. ముడిని ఎవరో వేళ్ళతో నిదానంగా విప్పారు.

ఆసామి చిక్కంకర్ర కింది కొమ్మలు దాటదు. నేను దెయ్యాల్ని నమ్మను. ఆ ముడి సంగతి మాత్రం నన్నడక్కండి.

ఆ సాయంత్రం దావా కాగితం మీద కోర్టువాళ్ళు వేసిన ముద్ర: 24 ఏప్రిల్ 2025.