వాగంకురం

2093 నాటికి కర్నూలులో వీడియో గేమ్ ఆడటం సరదా పని కాదు. ఉదయం ఆరున్నరకే కోచింగ్ సెంటర్ల ముందు జనం వరుస కట్టేవారు. చంకలో బిట్ బ్యాంకు, చేతిలో టిఫిన్ డబ్బా. లోపలికి వెళ్ళి తలా ఒక తెర ముందు కూర్చుని, రాజ్యాలు కాపాడి, శత్రువులను క్షమించి, రెండు మూడు ప్రాణత్యాగాలు చేసి, ఒంటిగంటకు భోజనానికి ఇంటికి పోయేవారు.

ఇదంతా చంద్రుడి మీద ఉద్యోగం కోసం. అక్కడి నివాసంలో ఎనిమిది వందల మంది ఉంటారు. పీల్చే గాలి కూడా తయారుచేసుకోవలసిన చోటు కాబట్టి, పక్కవాడు ఎలాంటివాడన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. చదువు సంగతి డిగ్రీలు చెబుతాయి, ఒంటి సంగతి డాక్టర్లు చెబుతారు. మనిషి సంగతి చెప్పడానికి పాత్రధారణ ఆటలు, అంటే రోల్ ప్లేయింగ్ గేములు వచ్చాయి. అభ్యర్థి అలాంటి ఆట మూడు వందల గంటలు ఆడాలి. కథలో అతను చేసిన ఎంపికలను బట్టి మార్కులు వేసి శీలపత్రం ఇస్తారు.

ఏది పాత్రధారణ ఆట, ఏది కాదు అన్నది తేల్చడానికి కర్నూలులోనే ఒక వర్గనిర్ణయ మండలి ఉంది. దాని అధ్యక్షుడు పరాంకుశం వరదయ్య. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు ఆటలకు సంభాషణలు రాశాడు. మూడు వాక్యాల నియమం ఆయన పెట్టించిందే. కథ మలుపు తిరిగే ప్రతిచోటా ఆటగాడికి కనీసం మూడు జవాబులు చూపించాలి, అందులో ఒకటి అతను ఎంచుకోవాలి. అలా లేని ఆట ఏదైనా కావచ్చు కాని పాత్రధారణ ఆట కాదు. కత్తి తిప్పడంలో, గోడ దూకడంలో వేళ్ళ చురుకు తెలుస్తుంది తప్ప మనిషి తెలియడని ఆయన వాదన. ఎదుటివాడు ఒక ప్రశ్న అడిగితే ఏం చెప్పాడన్నదే పాత్ర. జవాబు ఎంచుకునే వీలు లేనప్పుడు ఎంత గొప్ప కవచం తొడుక్కున్నా ఆటగాడు ప్రేక్షకుడే.

నియమం బాగానే ఉంది. కాని పరీక్ష అన్నాక కోచింగ్ రాకుండా ఉంటుందా? ‘త్యాగం కనిపిస్తే నొక్కు. రెండు త్యాగాలు కనిపిస్తే పొడవుగా ఉన్నది నొక్కు.’ ఈ ఒక్క సూత్రంతో గుంటూరులో ఒక సెంటర్ ఏటా రెండు వందల మంది సత్పురుషులను తయారుచేసి పంపింది. వాక్యం పూర్తిగా చదివే ఓపిక కూడా వాళ్ళకు అవసరం లేకపోయింది.

2081లో చంద్ర నివాసంలో ఒక టెక్నీషియన్ గాలి గొట్టం మీద వాల్వ్ తెరిచి, మూయడం మరిచిపోయాడు. గాలి తగ్గిపోతోందని తెలిసి రేడియోలో అందరినీ అడిగారు, ఎవరైనా వాల్వ్ తెరిచారా అని. మూడుసార్లు అడిగితే అతను మూడుసార్లూ “నేను కాదు” అన్నాడు. మిగిలినవాళ్ళు నలభై నిమిషాలు లేనిచోటల్లా వెతికారు. ఏడుగురు పోయారు. ఆ టెక్నీషియన్ శీలపత్రంలో మూడు వందలకు రెండు వందల తొంభై ఏడు మార్కులు ఉన్నాయి.

పోయిన ఏడుగురిలో కొమరగిరి సుధన్వ ఒకడు. అతని చెల్లెలు తనూజ అప్పుడు నాడీశాస్త్రం చదువుతోంది. ఆ రేడియో రికార్డింగు ఆమె కొన్ని వందలసార్లు విన్నది. ప్రశ్న పూర్తికాకముందే తొందరగా, కొంచెం చిరాకుగా, “నేను కాదు.” మూడోసారి కూడా అదే తొందర. అంత మంచి మార్కులు వచ్చినవాడి నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందన్నదే ఆమె జీవితానికి ప్రశ్న అయింది. అతను నొక్కిన మంచి వాక్యాలేవీ అతని మాటలు కావన్న జవాబు దొరికాక, తెర మీది ఆ మూడు వాక్యాల పట్టికను ఈ లోకంలో లేకుండా చేయాలనుకుంది. తొమ్మిదేళ్ళు పనిచేసి ఒక యంత్రం తయారుచేసింది. దాని పేరు వాగంకురం.

చూడటానికి అది మెడకు కట్టుకునే పట్టీ. మనం మాట్లాడే ముందు నాలుకకూ గొంతుకూ మెదడు నుంచి న్యూరల్ సిగ్నల్స్, అంటే నాడీ సంకేతాలు వస్తాయి. ఆ మాట మనం అన్నా, నాలుక కరుచుకుని ఆపుకున్నా, సంకేతం మాత్రం వచ్చేసి ఉంటుంది. పట్టీ దాన్ని పట్టుకుని, సెకనులో సగం కూడా గడవకముందే, ఆ మనిషి గొంతుతోనే స్పీకరులో పలుకుతుంది. ఆలోచించి దిద్దుకునే వ్యవధి ఉండదు. ఆటలో పాత్రలు ప్రశ్న అడుగుతాయి, పట్టీ జవాబు చెబుతుంది. తెర మీద మూడు వాక్యాలు లేవు, నొక్కడానికి ఏమీ లేదు. లోపల మొదట మొలిచే మాటే మనిషి అన్నది తనూజ సిద్ధాంతం.

పరీక్షకు నాలుగు వందల మందిని పిలిచారు. అందరికీ శీలపత్రంలో రెండు వందల ఎనభై పైనే. ఆటలో ఒక ఘట్టం చంద్ర నివాసం ప్రమాదం లాంటిదే. ఆటగాడి చేతే వాల్వ్ తెరిపిస్తారు, తరువాత కమాండర్ అడుగుతాడు, ఎవరు తెరిచారని. మూడు వాక్యాల పట్టిక ఉన్నప్పుడు నాలుగు వందల మందీ ఒకే వాక్యం నొక్కారు, ‘నేనే తెరిచాను, తప్పు నాదే’ అని. పట్టీ కట్టాక మూడు వందల తొంభై ఒక్కరు “నేను కాదు” అన్నారు. కొందరు అడగకుండానే పక్కవాడి పేరు కూడా చెప్పారు. తొమ్మిది మంది మాత్రం “నేనే” అన్నారు.

తనూజ ఆ కాగితం చూసి ఏడ్చింది. సంతోషంతోనే. ఈ తొమ్మిది మందిలో ఒకడు ఆ రోజు వాల్వ్ దగ్గర ఉండి ఉంటే అన్న బతికేవాడు. వాళ్ళను జనంలోంచి ఏరి చూపించే సాధనం ఇప్పుడు తన చేతిలో ఉంది. మండలి దీన్ని పాత్రధారణ ఆటగా ఒప్పుకుంటే చాలు, పట్టికలూ పోతాయి, వాటిని నమ్ముకున్న కోచింగ్ సెంటర్లూ మూతపడతాయి.

నివేదిక రాస్తూ ఆ తొమ్మిది మంది వివరాలు చూసింది. తొమ్మిదీ ఆదోని చిరునామాలే. ఒకే సెంటర్. ఏదో మోసం జరిగిందనుకుని మరునాడే బస్సెక్కింది.

అది రేకుల షెడ్డు. అరవై మంది బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మూలన పాత తెర ఒకటి ఉంది. మాబున్నీసా అనే టీచరు నల్లబల్ల మీద వాక్యాలు రాసి చదివిస్తోంది.

“పరీక్షకు వచ్చిన మీ తొమ్మిది మందికి ముందే ఏమైనా చెప్పి పంపారా టీచర్? ఈ పట్టీ సంగతి?” అని తనూజ తన యంత్రం చూపించింది.

“ఏం పట్టీమ్మా ఇది? నేను చూడనే లేదు,” అంది మాబున్నీసా. “మా దగ్గర ఉండేదేమో ఒకటే మిషను. అరవై మందికి యాడ చాలుతుంది? అందుకే ఆటలో మాటలన్నీ బోర్డు మీద రాస్తా. ఊరికే చదివితే పట్టదు గదా, ఎదురెదురు నిలబెడతా. ఒకడు అడగల్ల, ఒకడు చెప్పల్ల.”

“తప్పుడు జవాబులు కూడా చెప్పిస్తారా?”

“అన్నీ రాస్తానమ్మా, మూడూ. ఏది చెప్తావో నువ్వే చూసుకో అంటా. చూసుకున్నాక మాత్రం గట్టిగా చెప్పల్ల, వెనక బెంచీకి ఇనపడల్ల. బెంచీ కాలు ఇరిగినా అంతే, ఎవరు ఇరిచినారంటే ఆ వాక్యమే చెప్పల్ల. మొదట్లో నవ్వుతారు, సిగ్గుపడతారు. రెండేండ్లయితే నోటికి వచ్చేస్తుంది.”

అప్పుడే ఇద్దరు ఆడపిల్లలు లేచారు. ఒకరు అడిగారు, ఇంకొకరు చెప్పారు, “నేనే తెరిచినా, తప్పు నాదే.” షెడ్డంతా ఆ మాట అందుకుని మళ్ళీ అన్నది. తనూజ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. మోసం ఏమీ లేదు. ఆ తొమ్మిది మంది లోపల మొదట మొలిచిన మాట వాళ్ళతో పుట్టింది కాదు. పరాంకుశం రాసిన పట్టికలోని మాట. కొన్ని వేలసార్లు ఎంచుకుని, గట్టిగా పలికి, లోపల నాటుకున్న మాట. గుంటూరు వాళ్ళు నొక్కి వదిలేశారు, వీళ్ళు వల్లె వేశారు. తేడా అంతే. పట్టిక పోతే ఈ షెడ్డు ఉండదు. షెడ్డు లేకపోతే వచ్చే సంవత్సరం ఇలాంటి తొమ్మిది మంది కూడా ఉండరు.

తిరుగు బస్సు కర్నూలు చేరేలోపు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. తొమ్మిది చిన్న సంఖ్య, కాకతాళీయం కావచ్చు, ఇంకా పరిశోధన జరగాలి. శాస్త్రవేత్తలు తమకు తాము చెప్పుకునే అబద్ధాల్లో ఇది చాలా మర్యాదైనది. ఆ ఆదోని చిరునామాలు రాసిన పదకొండో పేజీని నివేదికలోంచి తీసేసింది.

మండలి విచారణ సోమవారం జరిగింది. పరాంకుశం నివేదిక అంతా గీతలు గీసుకుని మరీ చదివి వచ్చాడు.

“అమ్మా, పాత్ర అంటే నేను కానిది. మీ పట్టీ కట్టుకుంటే ఆటగాడు తనలాగే మాట్లాడతాడు. అందులో ఇంక ధారణ ఎక్కడుంది?”

“తనలాగా మాట్లాడితేనే కదండీ మనిషి తెలిసేది? పట్టికలో వాక్యం మీరు రాసింది. వాడు వేలు పెట్టాడు, అంతే.”

“నిజమే. ‘తప్పు నాదే’ అని నేను నా ఆటల్లో పదకొండు వందలసార్లు రాసి ఉంటాను. ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో మా ఆవిణ్ణి అడిగితే చెబుతుంది.” సభ్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు. “కాని ఎక్కడా రాసి లేకపోతే, అలాంటి జవాబు ఒకటి చెప్పవచ్చని కొందరికి తోచనే తోచదేమోనని నా భయం.”

“తోచనివాడికి తోచదని ముందే తెలియాలండీ. అది తెలియకే మా అన్న పోయాడు,” అంది తనూజ.

పరాంకుశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అక్కడ నా పట్టిక పనికిరాలేదమ్మా,” అన్నాడు. ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు అప్పటికే యంత్రం వైపు ఉన్నారు. ఇప్పుడు అధ్యక్షుడు కూడా మెత్తబడ్డాడు. ఇక మిగిలింది ప్రమాణం. నివేదికలో ఏదీ దాచలేదని దరఖాస్తుదారు చెప్పాలి, రికార్డు యంత్రం ఆ మాటనూ, జవాబుకు పట్టిన సమయాన్నీ నమోదు చేయాలి. ఎవరో సభ్యుడు ఉత్సాహంగా, పట్టీ ఉందిగా, దానితోనే చెప్పించండి అన్నాడు. అందరికీ ఆ ఆలోచన నచ్చింది. తనూజ పట్టీ కట్టుకుంది.

“నివేదికలో ఏమైనా దాచారా?” అని పరాంకుశం మామూలుగా అడిగాడు.

ఆమె నోరు విప్పలేదు. స్పీకరులోంచి ఆమె గొంతు వచ్చింది, “లేదండీ, ఏమీ దాచలేదు.”

సభ్యులు తృప్తిగా తలలూపారు. లోపలి మాట, అందులోనూ యంత్రం చెప్పిన మాట, ఇంక అనుమానం ఏముంటుంది? పరాంకుశం సంతకం పెట్టడానికి కలం తీశాడు.

తనూజకు మాత్రం చెవుల్లో ఆ గొంతు పోలేదు. ప్రశ్న పూర్తికాకముందే తొందరగా, కొంచెం చిరాకుగా. ఆ తొందర ఆమెకు బాగా తెలుసు. పన్నెండేళ్ళుగా ఆమె అసహ్యించుకున్న ఆ టెక్నీషియన్ ఎవరో పరాయివాడు కాదని, తనూ అంతేనని అప్పుడు అర్థమై ఆమెకు సిగ్గు వేసింది. పట్టీ విప్పేసింది. ఇప్పుడు ఆమె ముందు రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి యంత్రం చెప్పేసింది. ఊరుకుంటే అదే నిలుస్తుంది. రెండోది చెబితే తొమ్మిదేళ్ళ పని ఈ గదిలోనే ముగుస్తుంది.

“దాచానండీ,” అంది. “పదకొండో పేజీ తీసేశాను. తప్పు నాదే.”

రికార్డు యంత్రం ఆ జవాబుకు పదకొండు సెకన్లు అని నమోదు చేసింది. తరువాత ఆమె ఆదోని షెడ్డు గురించి, తొమ్మిది మంది గురించి, నల్లబల్ల మీది మూడు వాక్యాల గురించి అంతా చెప్పింది. పట్టిక పోతే అలాంటివాళ్ళే ఉండరని తేలాక, మూడు వాక్యాల నియమం యథాతథంగా ఉండాలని, వాగంకురం ఉన్న ఆట పాత్రధారణ ఆట కాదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక ఒక చిక్కు మిగిలింది. మొదటి ప్రమాణం పట్టీ ద్వారా నమోదైంది కాబట్టి, సవరణ కూడా పట్టీ ద్వారానే జరగాలని నిబంధన. పరాంకుశం మొహమాటపడుతూనే అడిగాడు. తనూజకు అభ్యంతరం లేదు. చెప్పవలసినదంతా చెప్పేసింది, ఇక దాచడానికి ఏముంది? పట్టీ కట్టుకుని ఆయన వైపు తిరిగింది.

“నివేదికలో ఏమైనా దాచారా?”

“లేదండీ, ఏమీ దాచలేదు,” అంది స్పీకరు ఆమె గొంతుతో.

తనూజ కాసేపు ఆ స్పీకరు వైపు చూసింది. తరువాత పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, “దాచాను,” అంది నోటితో.

ఇందాక పదకొండు సెకన్లు పట్టిన జవాబుకు ఈసారి ఏడే పట్టాయి.